ప్లాస్టిక్ గిటార్ ఆటా, నిజం గిటారా? మా బాబు విషయంలో సలహా కావాలి

కొత్తరాగం
అందరికీ నమస్తే. మా బాబుకి తొమ్మిదేళ్లు. మొన్న సెలవుల్లో వాళ్ల పెదనాన్నగారింట్లో అటక మీద నుంచి పాత గేమ్ కన్సోల్ ఒకటి, దాంతోపాటు ప్లాస్టిక్ గిటార్ ఒకటి దించారు. గిటార్ హీరో అనే ఆట. ఆ గిటార్‌కి తీగలుండవు. మెడ మీద ఐదు రంగుల బటన్లుంటాయి: ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ. టీవీలో అవే రంగుల గుండ్రాలు మన వైపు జారుకుంటూ వస్తాయి. ఒక్కొక్కటీ గీత దగ్గరికి చేరే క్షణానికి ఆ రంగు బటన్ నొక్కి, కుడిచేత్తో మీట ఆడించాలి. వాడు నాలుగు రోజులు దాన్ని వదల్లేదు. అన్నం దగ్గర కూడా వేళ్లు బల్ల మీద ఆడుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చినప్పటి నుంచి అదే ఆట కొనమని అడుగుతున్నాడు. మావారు కొందామంటున్నారు. ముందు సంగీతం మీద ఇష్టం పుడితే నిజం గిటార్ సంగతి తర్వాత చూద్దామని ఆయన మాట. నాకేమో వేరే టెన్షన్. ఆటలో నాలుగు రోజులకే చప్పట్లు కొట్టించుకున్నవాడు, నిజం గిటార్ మీద నాలుగు వారాలైనా ఒక్క పాట రాకపోతే "నాకు రాదు" అని పక్కన పెట్టేస్తాడేమో. వాడు ఒకసారి అలా అనుకుంటే మళ్లీ దాని దగ్గరికి తీసుకురావడం ఎంత కష్టమో ఈత నేర్పించేటప్పుడు చూశాను. మా ఇద్దరికీ సంగీతం రాదు. తెలిసినవాళ్లు చెప్పండి, ముందు ఏది?

దరువు
కొత్తరాగం గారూ, నేను వచ్చింది ఈ దారినే కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నాను. ఇప్పుడు డ్రమ్స్ వాయిస్తాను, కానీ మొదలుపెట్టింది రాక్ బ్యాండ్ ఆటలో. 2005లో మొదటి గిటార్ హీరో తయారుచేసిన హార్మోనిక్స్ వాళ్లే 2007లో దీన్ని తెచ్చారు. గిటార్‌తో పాటు మైకు, నాలుగు ప్యాడ్ల డ్రమ్స్, కాలికింద ఒక పెడల్ ఉండేవి.

గిటార్ సంగతి వేరు గానీ, డ్రమ్స్ విషయంలో ఆట నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది. మామూలు పాటలో ఒక చుట్టు తీసుకోండి. కుడిచేయి ఎనిమిది దెబ్బలు కొడుతూ పోతుంది, ఎడమచేయి రెండో లెక్కకీ నాలుగో లెక్కకీ పడుతుంది, కాలు ఒకటికీ మూడుకీ నొక్కుతుంది. మూడింటినీ విడదీయడం మొదట ఎవరికైనా కష్టమే. చేయి పడితే కాలూ దాంతో పాటే పడిపోతుంది. నాకు ఆ ముడి విడిపోయింది ఆ ప్లాస్టిక్ ప్యాడ్ల మీదే. నిజం డ్రమ్స్ ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు అదే దరువు వెంటనే వచ్చింది. ఆ రోజు సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత వారానికే అసలు సంగతి తెలిసింది. ఆటలో దెబ్బ పడిందా లేదా అన్నదే లెక్క. మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా మార్కు ఒకటే, వినిపించే చప్పుడూ ఒకటే. అందుకని నాకు అన్ని దెబ్బలూ ఒకే బరువుతో పడేవి, వినేవాళ్లకి తల మీద సుత్తి కొట్టినట్టుండేది. ఎడమకాలితో హైహ్యాట్ (ఒకదాని మీద ఒకటి ఉండే జంట తాళాలు) తెరిచి మూయడం అనేదే నాకు తెలియదు. కర్రల్ని పిడికిలి బిగించి పట్టుకునేవాణ్ని, ఎందుకంటే రబ్బరు ప్యాడ్ మీద ఎలా పట్టుకున్నా పని జరిగిపోతుంది. అసలు తోలు మీద కర్ర దానంతటదే ఎగురుతుంది, ఆ ఎగురుడిని చేయి వాడుకోవాలి. నా పట్టు మార్చడానికి మా గురువుగారికి ఆరు నెలలు పట్టింది.

కాబట్టి నన్నడిగితే ఆట కొనండి, కానీ ఏళ్ల తరబడి అదొక్కటే ఆడనివ్వకండి. చేతికి ఒకసారి పడ్డ అలవాటు పోగొట్టడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం.

పచ్చికబయలు
ఒక్కమాట. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఇంకో తెర ఎందుకండీ? గిటార్ కొనివ్వండి, చాలు.

మెట్లు
నేను పిల్లలకి పియానో, గిటార్ నేర్పుతాను. తెర మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి వెళ్లను. ఆటలో పిల్లవాడు ఏం చేస్తున్నాడో, ఏం చేయడం లేదో మాత్రం విడమరచి చెప్తాను.

గిటార్ హీరోలో వినిపించే గిటార్ ఎప్పుడో వేరేవాళ్లు వాయించి రికార్డు చేసినది. సరైన క్షణంలో సరైన బటన్ నొక్కితే ఆ రికార్డు వినిపిస్తుంది, తప్పితే ఆ కాసేపు ఆగిపోతుంది. అంటే పిల్లవాడు స్వరాన్ని పుట్టించడం లేదు, ఎవరో పుట్టించిన స్వరానికి తలుపు తీస్తున్నాడు. తలుపు సరైన సమయానికి తీయడం కూడా నేర్పే, ఆ నేర్పుకి లయ అని పేరు. దాన్ని నేను తక్కువ చేయను. అయితే నిజం గిటార్‌కి ఆరు తీగలు, ఒక్కో తీగ కింద పంతొమ్మిదో ఇరవయ్యో మెట్లు (మెడకి అడ్డంగా ఉండే సన్నటి కడ్డీలు, ఫ్రెట్లు అంటారు). మెట్టుకి సరిగ్గా వెనకే నొక్కితే స్వరం శుభ్రంగా పలుకుతుంది, కొంచెం దూరమైతే గరగర, మెట్టు మీదే వేలు పెడితే మూగబోతుంది. పక్క తీగకి వేలు తగిలితే అదీ ఆగిపోతుంది. ఇవేవీ పిల్లవాడికి తెర చెప్పదు. వాడి చెవే పట్టుకోవాలి. వాయిద్యం నేర్పేది ముఖ్యంగా ఇదే: నేను ఇప్పుడు చేసిన చప్పుడు ఎలా ఉంది అని తనని తాను వినడం.

నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది, పదేళ్లది. తెర మీద పైనుంచి కింది మీటల మీదికి రంగు పట్టీలు రాలే ప్రోగ్రాం చూసి సొంతంగా పియానో నేర్చుకుంది. పెద్ద పాటే, తప్పు లేకుండా వాయించింది. నేను నిజంగా ఆశ్చర్యపోయాను. "బాగుంది తల్లీ, ఇప్పుడు మధ్యలో నీకు నచ్చిన చోటు నుంచి మొదలుపెట్టు" అన్నాను. రాలేదు. తెర తీసేస్తే మొదటి నాలుగు స్వరాల తర్వాత చేతులు గాలిలో ఆగిపోయాయి. ఆ పిల్ల తెలివికి లోటేమీ లేదు. తర్వాత మీట ఏదో ప్రతిసారీ ఇంకెవరో చెప్తూ వచ్చారు, కాబట్టి గుర్తుపెట్టుకునే అవసరమే రాలేదు.

మీ బాబుకీ ఈ చిన్న పరీక్ష పెట్టి చూడండి. వాడికి బాగా ఇష్టమైన పాట నాలుగైదు సార్లు ఆడాక టీవీ కట్టేసి, చేత్తో తాళం వేస్తూ ఆ పాట పాడమనండి. ఏం వచ్చింది, ఏం రాలేదు అన్నది మీకే తెలుస్తుంది.

పదిహేడు
నా వయసు నా పేరే చెప్తోంది. ఇక్కడ అందరూ పెద్దవాళ్లు కాబట్టి పిల్లల వైపు నుంచి ఒకటి చెప్పాలి.

మీరంతా ఆటని వాయిద్యానికి మెట్టుగానే చూస్తున్నారు. మెట్టయితే మంచిది, కాకపోతే దండగ అన్నట్టు. నేను ఎనిమిదేళ్ల వయసు నుంచి ఈ ఆటలు ఆడాను, ఏ వాయిద్యమూ నేర్చుకోలేదు. కానీ ఈ ఆటలు ఆడకముందు నాకు పాటంటే ఒకటే మొత్తం చప్పుడు, దాని మీద గొంతు. రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ తీసుకుని ఆడుతున్నప్పుడు తప్పు చేస్తే పాటలో బేస్ మాత్రమే మాయమవుతుంది. మిగతాదంతా నడుస్తూనే ఉంటుంది. అప్పుడు తెలిసింది, కింద అంత లోతుగా మోగుతున్నది ఇదా అని. అది పోతే పాట ఎంత పలచబడిపోతుందో కూడా తెలిసింది. ఇప్పుడు ఏ పాట విన్నా నా చెవి ముందు బేస్ మీదికి పోతుంది, తర్వాత డ్రమ్స్ మీదికి. విడివిడిగా వినడం నాకు వచ్చింది ఆట వల్లే, ఇంకెవరూ నేర్పలేదు. సంగీతం వినడం కూడా సంగీతమే కదండీ.

మెట్లు
పదిహేడు, నువ్వు చెప్పినది నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒక వాయిద్యం ఏం చేస్తోందో అది ఆగినప్పుడే స్పష్టంగా తెలుస్తుందన్న మాట నిజం. క్లాసులో నేను దీన్ని వాడుకుంటాను. నాలుగు వాయిద్యాల పాట వినిపించి ఒక్కొక్కటీ ఆపి చూపిస్తే పిల్లలకి ఎంత బాగుంటుందో. థాంక్స్ నాన్నా.

తీగలపెట్టె
నాది సౌండ్ పని. ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది: ఆలస్యం.

నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటలో ఒక లెక్కకి అర సెకను, అంటే 500 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి 125. ఇప్పుడు టీవీ బొమ్మని సర్దుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది, స్పీకర్ కొంత తీసుకుంటుంది. వైర్ లేని బ్లూటూత్ హెడ్‌ఫోన్ తగిలిస్తే ఆలస్యం చాలాసార్లు 100 మిల్లీసెకన్లు దాటిపోతుంది. అంటే పిల్లవాడు కొట్టిన దెబ్బ దాదాపు పావు లెక్క తర్వాత వాడి చెవికి చేరుతోంది! అందుకే ఇలాంటి ఆటల సెట్టింగుల్లో ఆ ఆలస్యాన్ని కొలిచి సరిదిద్దే క్యాలిబ్రేషన్ అని ఒకటి పెడతారు. కొత్త టీవీకి తగిలించిన ప్రతిసారీ అది చేసి తీరాలి. లేకపోతే పిల్లవాడి లయ సరిగ్గానే ఉన్నా ఆట తప్పంటుంది. వాడు ఆ ఆలస్యానికి సరిపోయేలా ముందే కొట్టడం అలవాటు చేసుకుంటాడు. ఆ తర్వాత నిజం వాయిద్యం ముందు కూర్చుంటే తొందరపడుతున్నట్టు వినిపిస్తాడు. దరువు గారు చెప్పిన చేతిపట్టు లాంటిదే ఇదీ, కాకపోతే కంటికి కనపడదు.

నిజం గిటార్‌లో ఈ గొడవ లేదు. గాలిలో చప్పుడు మీటరు దూరం రావడానికి సుమారు 3 మిల్లీసెకన్లు. ఒళ్లో ఉన్న గిటార్ నుంచి చెవికి అంత కూడా పట్టదు.

ఇంకొకటి. ఆటా వాయిద్యమా అని రెండుగా చీల్చకండి, మధ్యలో కూడా కొన్ని ఉన్నాయి. 2010లో వచ్చిన రాక్ బ్యాండ్ 3లో రెండు సప్తకాల కీబోర్డు పెట్టారు. దానికోసం వచ్చిన ఒక గిటార్‌కి బటన్లు ఐదు కాదు, 102: పదిహేడు మెట్లు, మెట్టుకి ఆరు. 2011లో యూబీసాఫ్ట్ వాళ్ల రాక్‌స్మిత్ వచ్చింది. అందులో ప్లాస్టిక్కే లేదు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌ని ఒక కేబుల్‌తో కన్సోల్‌కి తగిలిస్తే, మీరు ఏ తీగ మీద ఏ స్వరం పలికించారో అదే వింటుంది. ముందు ఒకటీ అరా స్వరాలు మాత్రమే ఇచ్చి, వస్తున్న కొద్దీ పెంచుతుంది. ఆట సరదా పోదు, చేతిలో ఉన్నది నిజం గిటారే.

మెట్లు
తీగలపెట్టె గారూ, రాక్‌స్మిత్ నేనూ చూశాను, మెచ్చుకోదగ్గ పని. ఒక లోటు మాత్రం ఉంది. మణికట్టు వంకరగా పెట్టినా, భుజం బిగబట్టినా స్వరం సరిగ్గా పలికిందంటే సరే అంటుంది. తొమ్మిదేళ్ల పిల్లల్లో నేను ముందు చూసేది భుజమే. నెలకి రెండుసార్లయినా తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని చూడాలి.

ఇద్దరమ్మాయిలనాన్న
నిజం గిటార్ కొంటే చాలు అన్న పచ్చికబయలు గారి కోసం నా అనుభవం. మా పెద్దమ్మాయికి ఎనిమిదో ఏట గిటార్ కొన్నాను. ఎంతో ప్రేమగా కొన్నాను. పెద్దవాళ్ల సైజు, ఉక్కు తీగలు. దానికి చేయి చుట్టూ తిరిగేది కాదు, కుడి భుజం చెవి దాకా లేచిపోయేది. తీగలు మెట్ల నుంచి చాలా ఎత్తులో ఉండేవి, నేను నొక్కితేనే వేళ్లు కోసుకుపోయేవి. శ్రుతి చేయాలని నాకు తెలియదు. నిజం, తెలియదు. మూడు వారాలు ఆ పిల్ల శ్రుతి లేని గిటార్ మీద వేళ్లు నొప్పి పెట్టుకుని, ఎంత చేసినా బాగా లేని చప్పుడు విని, "నాన్నా, నాకు సంగీతం రాదు" అంది. తప్పు దానిది కానే కాదు. ఇప్పుడు దానికి పందొమ్మిదేళ్లు, ఆ మాట మీదే ఉంది. దీని గురించి నేను బాధపడని రోజు లేదు.

చిన్నదాని విషయంలో జాగ్రత్తపడ్డాను. ఉకులెలే కొన్నాను, చిన్న గిటార్ లాంటిది. నాలుగే తీగలు, నైలాన్ రకం, వేళ్లకి మెత్తగా ఉంటాయి. ఒకే వేలితో పట్టే కార్డ్ (కొన్ని స్వరాలు కలిసి ఒకేసారి పలకడం) కూడా ఉంది అందులో. మొదటి రోజే ఒక కార్డ్ పలికింది. దాని మొహం చూడాలి మీరు.

కొత్తరాగం గారూ, మీ భయం ఆట గురించి. నా భయం ఏమిటంటే, వాయిద్యం సరైనది కాకపోతే ఆట లేకపోయినా పిల్లలు వదిలేస్తారు.

పచ్చికబయలు
ఇద్దరమ్మాయిలనాన్న గారూ, మీ మాట మనసుకి తగిలింది. నేను తొందరపడి రాశాను. కొంటే చాలదు, దగ్గర కూర్చోవాలి. ఒప్పుకుంటున్నాను.

కలిసిపాడదాం
బడిలో పిల్లలకి బృందగానం నేర్పిస్తాను. నా మాట కొంచెం పక్కదారి, కానీ చెప్పాలనిపించింది.

ఈ ఆటలు మొదలైంది నేర్పడానికి కాదు. 1996లో పరప్పా ద రాపర్, 1997లో బీట్‌మేనియా, 1999లో మూడు బటన్ల గిటార్‌తో గిటార్ ఫ్రీక్స్, ఇవన్నీ జపాన్‌లో పుట్టాయి. చివరి రెండూ ఆర్కేడ్లలో నాణెం వేసి ఆడేవి. సంగీతకారుడిగా ఉండటం ఎలా ఉంటుందో కాసేపు రుచి చూపించడం వాటి పని. ఆ పని బాగా చేశాయి. వాటిని బడి లెక్కలతో కొలిచి తప్పు పట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

పాట ఆటల గురించి మాత్రం ఒక హెచ్చరిక. 2004లో వచ్చిన సింగ్‌స్టార్ లాంటి వాటిలో మైకు చూసేది శ్రుతినే. పై స్థాయిలో పాడినా, కింది స్థాయిలో పాడినా, స్వరం కలిస్తే మార్కు పడుతుంది. మాటలు మింగేసి "ఊ" అంటూ పోయినా మంచి మార్కులొస్తాయి. శ్రుతి కుదురుతుంది, దాన్ని కాదనను. మాట, ఊపిరి, భావం పోతాయి. మా బృందంలోకి ఇలా వచ్చిన పిల్లలు శ్రుతిలో గట్టివాళ్లు, కానీ పల్లవి చివర ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు.

ఇక నన్ను అన్నింటికంటే కలవరపెట్టేది, ఆటలో పాట ఎవరి కోసమూ ఆగదు. నలుగురు కలిసి ఆడినా నలుగురూ చూసేది తెరనే, ఒకరినొకరు చూసుకోరు. నిజంగా నలుగురు కలిసి వాయించేటప్పుడు ఒకడు తడబడితే మిగతావాళ్లు చూసి, రవ్వంత నెమ్మదించి, వాణ్ని కలుపుకుని మళ్లీ పోతారు. ఆ చూపు నేర్పడానికే నేను రోజూ బడికి వెళ్తాను.

దరువు
కలిసిపాడదాం గారూ, చివరి మాటకి చిన్న అడ్డు. టక్ టక్ మంటూ లెక్క చెప్పే మెట్రోనోమ్ కూడా ఎవరి కోసమూ ఆగదు, అయినా మా గురువుగారు రోజూ దాంతోనే సాధన చేయించారు. ఆగని కాలంతో పాటు నడవడం ముందు రావాలి, ఆ తర్వాతే ఎదుటివాడి కోసం కావాలని నెమ్మదించడం వస్తుంది. మొదటిది ఆట ఇస్తుంది.

కలిసిపాడదాం
మెట్రోనోమ్‌తో సాధన చేశాక మీరు దాన్ని ఆపి వాయిస్తారు కదా బాబూ. ఆటలో ఆపడం అనేదే లేదు. అయినా మీరన్న వరుస సరైనదే.

కొత్తరాగం
ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. రాత్రి మావారూ నేనూ కలిసి చదివాం. ఇద్దరమ్మాయిలనాన్న గారి మాటల దగ్గర ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

మెట్లు గారూ, ఇంకో మూడు ప్రశ్నలు. తొమ్మిదేళ్లకి ఏ సైజు? రోజుకి ఎంతసేపు? నాకేమీ రానప్పుడు పక్కన కూర్చుని ఏం చేయాలి?

మెట్లు
సైజు: చాలామందికి ఈ వయసులో ముప్పావు సైజు సరిపోతుంది, చిన్నగా ఉన్న పిల్లలకి అర సైజు. కూర్చుని ఒళ్లో పెట్టుకుని ఎడమచేయి చాపితే మోచేయి కాస్త వంగి ఉండాలి, కుడి భుజం లేవకూడదు. నైలాన్ తీగలు తీసుకోండి. కొనేముందు తెలిసినవాళ్ల చేత తీగల ఎత్తు చూపించండి. వీలైతే కొన్ని వారాలు అద్దెకి తెచ్చి చూడండి.

రోజుకి పది, పదిహేను నిమిషాలు చాలు. ఆదివారం గంట కూర్చోబెట్టి మిగతా రోజులు వదిలేస్తే ప్రయోజనం ఉండదు. మొదటి వారాల్లో వేలి కొనలు నొప్పి పెడతాయి, అక్కడ చర్మం గట్టిపడ్డాక తగ్గుతుంది. ఈ మాట వాడికి ముందే చెప్పండి, చెప్పకపోతే ఏదో తప్పు చేస్తున్నాననుకుంటాడు.

మూడో ప్రశ్నకి జవాబు: వినండి. "ఇందాకటి కంటే ఇది శుభ్రంగా పలికింది" అని మీరు అనగలిగితే చాలు. అందుకు సంగీతం రానక్కర్లేదు. ఆటలోలాగా మార్కులు మాత్రం వేయకండి. ఆట కూడా పూర్తిగా తీసేయకండి. గిటార్ అయ్యాక ఆడుకోనివ్వండి, బహుమతి అని పేరు పెట్టకుండా.

కొత్తరాగం
(ఏడు వారాల తర్వాత)
అందరికీ మళ్లీ నమస్తే. ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదని వచ్చాను.

మెట్లు గారు చెప్పిన పరీక్ష పెట్టాం. వాళ్ల పెదనాన్న ఆ పాత ఆట మాకే ఇచ్చేశారు. టీవీ కట్టేశాక వాడు తాళం దాదాపు తప్పలేదు, పాట మధ్యలో విరామం వచ్చే చోట చెయ్యి గాలిలో ఆపి మళ్లీ సరిగ్గా అందుకున్నాడు. ఆట ఆ పని చేసింది, నేను నమ్మలేదు ముందు. పాడమంటే మాత్రం ఒకే స్వరం మీద చదివినట్టు పాడాడు. స్వరం పైకి వెళ్తోందా కిందికి వస్తోందా అంటే వాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

ముప్పావు సైజు గిటార్ అద్దెకి తెచ్చాం, వారానికి ఒకసారి క్లాసు. రెండో వారం ఏడ్చాడు, వేళ్ల నొప్పికి కాదు, చప్పుడు బాగా లేదని. "ఆటలో ఇలా రాదు కదా" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక, "ఆటలో వాయించింది వేరే ఆయన కదరా" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆట పెట్టుకుని, ఆడకుండా ఊరికే విన్నాడు, ఆ గిటార్ ఒక్కదాన్నే.

మొన్న శనివారం, ఎవరూ చెప్పకుండా, పై తీగ ఒక్కదాని మీద ఆ పాట మొదటి వరస వెతుక్కున్నాడు. ఐదు స్వరాలు. మూడోది తప్పుగా పలికినప్పుడు వాడే మొహం ముడిచి, ఒక మెట్టు వెనక్కి జరిగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నేను వంటింట్లోంచి విన్నాను. లోపలికి వెళ్లలేదు.

ఆట ఇంకా ఉంది. వారానికి రెండు మూడు సార్లు ఆడతాడు, తీగలపెట్టె గారు చెప్పినట్టు క్యాలిబ్రేషన్ చేసుకుని. వాళ్ల నాన్న బేస్ పట్టుకోవాలి, అది కొత్త నియమం.

ఒక సందేహం. గిటార్‌కి పోయినవారం కొత్త తీగలు వేయించాం. పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతోంది. తీగలు పాడైనట్టా?

మెట్లు
ఏమీ పాడవలేదండీ. కొత్త నైలాన్ తీగలు కొన్ని రోజుల పాటు సాగుతూనే ఉంటాయి, అందుకే దిగిపోతోంది. రోజుకి రెండు మూడు సార్లు శ్రుతి చేస్తూ పోతే వారం పది రోజుల్లో నిలబడుతుంది. ట్యూనర్ (శ్రుతి ఎక్కువో తక్కువో సూదితో చూపించేది) మీరు పట్టుకోండి, మర మాత్రం వాడి చేతే తిప్పించండి, రవ్వంత చొప్పున. ముందు సూది చూడకుండా, స్వరం ఎక్కాలా దిగాలా అని వాణ్నే చెప్పమనండి. ఆ తర్వాత సూది చూపించండి. వారం తర్వాత ఎన్నిసార్లు సరిగ్గా చెప్తున్నాడో ఇక్కడ రాయండి.